పడటానికి చోటు

మయూరాసనంలో కాళ్ళు ఎత్తరు. ఈ సంగతి నా ఒంటికి అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. అరచేతులు నేలమీద, వేళ్ళు పాదాలవైపు, మోచేతులు రెండూ బొడ్డుకి అటూ ఇటూ. ఆ మోచేతుల మీద ఒళ్ళంతా కర్రలా, నేలకి సమాంతరంగా నిలవాలి. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక వర్ణించిన 15 ఆసనాల్లో ఇదొకటి. వర్ణన అంతా ఒక్క శ్లోకంలో అయిపోతుంది. మిగతాది పడి నేర్చుకోవాలి.

కాళ్ళు ఎత్తుదామని ఎగిరితే దబ్బున పడతాం. చేయాల్సింది వేరే: నడుం బిగబట్టి, ఛాతీని నెమ్మదిగా ముందుకి జరుపుతూ పోవాలి. త్రాసులో ఒక పళ్ళెం దిగితే రెండోది లేచినట్టు, తల దిగుతుంటే పాదాలు వాటంతటవే తేలతాయి. తేలాక కూడా ఊరుకోవడానికి లేదు. కాళ్ళవైపు ఒరిగితే వేళ్ళు నేలని నొక్కుతాయి, తలవైపు ఒరిగితే అరచేతి మొదలు నొక్కుతుంది. బయటినుంచి కదలకుండా ఉన్నట్టు కనిపించే మనిషి లోపల క్షణానికొకసారి పడబోతూ, సర్దుకుంటూ ఉంటాడు.

జిమ్ భాషలో దీన్ని ‘కోర్’ అంటారు. తెలుగులో ఆ మాట లేదని మొదట అనుకుంటాం. ఉంది. నడుం కట్టడం, నడుం బిగించడం అంటాం. ఏ పనికైనా మొదలు అక్కడేనని ఈ భాష మాట్లాడే కష్టజీవులకి ఎప్పుడో తెలుసు.

నేను ఉండేది అఫ్జల్‌గంజ్‌లో, సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్ళేంత దూరంలో. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకి ఇచ్చిన జాగా కాబట్టి ఆ పేరు. గంజ్ అంటే బజారే. పక్కనే ఉస్మాన్‌గంజ్, ఆ పక్కన బేగంబజార్. పొద్దున్నే డాబా మీద చాప పరుచుకుని నేను చేతుల మీద నిలబడే ప్రయత్నంలో ఉంటే, కింద సందులో లారీ దగ్గర హమాలీలు పనిలో ఉంటారు. ఇద్దరు సంచి లేపుతారు, మూడో మనిషి వంగి, మెడ దిగువన వీపు మీదకి తీసుకుంటాడు. ఆ క్షణంలో అతని మోకాళ్ళు కొంచెం మెత్తబడతాయి, నడుం గట్టిపడుతుంది, తల ముందుకి వస్తుంది. డాబా మీద నాకు మూడు వారాలుగా చిక్కనిది అదే. అతనికది పూటకి ఎన్నిసార్లో. పైగా అతను నిలబడితే చాలదు, స్కూటర్ల మధ్యనుంచి నడవాలి, మెట్లెక్కాలి.

మన కనీస వేతనాల పట్టికల్లో ‘నైపుణ్యం లేని పని’ అని ఒక గడి ఉంటుంది. ఎత్తి దించే పని మామూలుగా ఆ గడిలోకే పోతుంది. ఈ గడి నన్ను కొన్నాళ్ళుగా సతాయిస్తోంది. ‘నైపుణ్యం లేని’ అంటే అసలు అర్థమేంటి? గిల్బర్ట్ రైల్ 1949లో రాసిన పుస్తకంలో ఏమిటో తెలియడం వేరు, ఎలాగో తెలియడం వేరు అని వాదించాడు. అంతకుముందే, 1934లో, మార్సెల్ మోస్ ఒక ఉపన్యాసంలో నడక, ఈత, నిద్ర కూడా ఒక్కో సమాజం నేర్పే విద్యలేననీ, మనిషికి మొదటి పనిముట్టు ఒళ్ళేననీ చెప్పాడు. 1986లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన తూర్పు ఆఫ్రికాలో తలమీద బరువులు మోసే ఆడవాళ్ళని కొలిచి చూసింది. తమ బరువులో అయిదో వంతు దాకా మోసినా వాళ్ళ ఒంటికి అదనంగా శక్తి ఖర్చు కాలేదు. వాళ్ళ నడక తీరులోనే విద్య ఉంది. దానికి పట్టా ఇచ్చినవాళ్ళు లేరు.

ఒకరోజు చాయ్ దగ్గర ఒక హమాలీ అన్నని అడిగాను, ఎట్లా నేర్చుకున్నావని. ఆయన పాలమూరు మనిషి.

“నేర్సుకునుడేంది సార్? ఎత్తిండ్రు, నడిచిన.”

“మరి మొదట్లో పడలేదా అన్నా?”

“పడితే సంచి పల్గుతది. పైసలు కట్ చేస్తరు.”

నాకు ఆ రెండో జవాబు దగ్గరే ఆగిపోవాలనిపించింది. బ్యాలన్స్ అనేది పడకుండా ఎవరికీ రాదు. నేను నలభై సార్లు పడితే దాని పేరు సాధన. కింద చాప ఉంది, పడ్డానని ఎవరూ నా జీతం కోయరు, మర్నాడు మళ్ళీ పడొచ్చు. ఆయన పడితే దాని పేరు నష్టం, అది ఆయన లెక్కలోనే రాస్తారు. అంటే విద్య నేర్చుకోవడానికి అయిన ఖర్చు ఆయన జేబులోంచే పోయింది. నేర్చుకున్నాక, నీకు విద్యే లేదు అన్నారు. ఆరు వారాల కోర్సు చేసి సర్టిఫికెట్ తగిలించుకున్న ట్రైనర్‌ని మాత్రం నైపుణ్యం ఉన్నవాడే అంటాం. నేను కూడా అంటాను, ఫీజు కట్టాను కాబట్టి.

ఎవరైనా అనొచ్చు: ఆ పని వారంలో వస్తుంది, బలం ఉంటే చాలు, డాక్టర్ చదువుతో పోలికేంటి అని. పోలిక నేనూ పెట్టడం లేదు. విద్యల్లో ఎక్కువ తక్కువలు ఉంటాయి. కానీ ‘తక్కువ’ అనడానికీ ‘లేదు’ అనడానికీ మధ్య ఉన్న తేడా మీద జీతాలు నడుస్తాయి. తక్కువైతే కొలవాలి, అనుభవం పెరిగేకొద్దీ రేటు పెరగాలి. లేనిదాన్ని కొలిచే పని ఉండదు.

ఇంకో ప్రమాదం నా వైపునుంచే ఉంది. హమాలీ నడకలో అందం చూసి మురిసిపోవడం మాలాంటి చదువరులకి తేలిక, ఖర్చు లేని పని. ఒక పెద్ద మగమనిషి చేత మామూలుగా 55 కిలోలకి మించి మోయించొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఎంత విద్య ఉన్నా వెన్నుపూస అరిగేది అరుగుతుంది. నా ఆసనం నా నడుముని కాపాడుతుంది, ఆయన విద్య సంచిని కాపాడుతుంది. రెండింటిలోనూ బిగుసుకునే కండరాలు అవే.

ఇప్పుడు పన్నెండు సెకన్లు నిలుస్తున్నాను. ఫోన్లో వీడియో చూపిస్తే అన్న రెండుసార్లు చూశాడు. చేతులు ఇంకొంచెం దగ్గరికి పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే పదిహేను దాకా వచ్చింది.