ఆశ్రయం ఇస్తే చాలదు, కాపలా కూడా కావాలి



హేరోదు పసిబిడ్డలను చంపించిన వృత్తాంతాన్ని పునీత మత్తయి సువిశేషం రెండవ అధ్యాయంలో చదువుతాము. దేవదూత హెచ్చరించగానే జోజప్పగారు రాత్రికి రాత్రే తల్లిని, బిడ్డను తీసుకొని ఐగుప్తుకు వెళ్ళారు. ఈ కుటుంబమే సకల శరణార్థి కుటుంబాలకు ఆదర్శమని 1952లో జగద్గురువులు పన్నెండవ భక్తినాథ పోపుగారు తమ లేఖలో బోధించారు.

అదే అధ్యాయంలో మనం తొందరగా దాటిపోయే మాట ఒకటుంది. హేరోదు చనిపోయాక కూడా జోజప్పగారు నిశ్చింతగా లేరు. అతని కుమారుడు పాలిస్తున్నాడని విని, యూదయాకు పోవడానికి భయపడి, గలిలయకు మళ్ళారు. అంటే దేశం దాటినంత మాత్రాన, ఇల్లు దొరికినంత మాత్రాన బిడ్డకు అపాయం తొలగిపోదని ఆయనకు తెలుసు. ఆశ్రయం వేరు, రక్షణ వేరు. కప్పు ఆశ్రయాన్నిస్తుంది. రక్షణను మాత్రం మేలుకొని ఉన్న మనిషే ఇవ్వాలి.

వలస బాధ మన తీరానికి కొత్త కాదు. పూర్వం ఇక్కడి నుండి ఓడలెక్కి రంగూనుకు పనికి పోయినవారెందరో. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు, మళ్ళీ 1962లో సైనిక ప్రభుత్వం ఏర్పడిన తరువాత, వారు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరు నేటికీ ఆ కథను చెబుతుంది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింసకు తాళలేక గిరిజనులు వేలాదిగా నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చారు. అక్కడ వారు వేసుకున్న గుడిసెలను సైతం తొలగించిన సందర్భాలున్నాయి. 2007లో శాంతా సిన్హాగారి అధ్యక్షతన ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ ఆ బిడ్డల స్థితిని స్వయంగా చూసింది. హింస నుండి పారిపోయి వచ్చిన పిల్లలకు ఇక్కడ బడి లేదు, భాష తెలియదు, కాగితం లేదు. కాగితం లేని బిడ్డ తప్పిపోయినా అడిగేవారుండరు.

అంత దూరం పోనక్కరలేదు. 2018లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చివేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అటువంటి రాత్రుల్లో బడిలోనో, తుఫాను షెల్టరులోనో, గుడి హాలులోనో ఎన్నో కుటుంబాలు ఒకేచోట పడుకుంటాయి. కరెంటు ఉండదు. మరుగుదొడ్డి ఆవలగా ఉంటుంది. తల్లి బియ్యం కోసం వరుసలో నిలబడుతుంది. తాగి వచ్చినవాడు బిడ్డను కొడతాడు. బంధువునని చెప్పి ఒకడు చేయి పట్టుకుంటాడు. పని ఇప్పిస్తానని మరొకడు వస్తాడు.

కాబట్టి ప్రతి విచారణలో ముందుగానే ఏర్పాటు చేసుకుందాము. స్త్రీలకు, పిల్లలకు విడిగా గది ఉండాలి. మరుగుదొడ్డి దారిలో రాత్రంతా దీపం వెలగాలి. పిల్లల పేర్లు పుస్తకంలో రాయాలి. గుర్తు తెలియకుండా ఏ బిడ్డనూ ఎవరికీ అప్పగించరాదు. యువజనులు, మరియదళం సభ్యులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా మేలుకొని ఉండాలి.

ఇంకొక మాట కఠినంగానే చెప్పాలి. బిడ్డ ఏడుస్తూ ఏదైనా చెబితే, “పరువు పోతుంది, ఊరుకో” అనకండి. పరువు పెద్దలది, గాయం బిడ్డది. గాయాన్ని దాచి పరువు కాపాడుకోవడం న్యాయం కాదు, పాపం. 1098కి ఫోను చేయండి. లైంగిక దాడి సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం ఆజ్ఞాపిస్తున్నది. తప్పు చేసినవాడు మనవాడైనా, ఉపదేశియైనా, గురువైనా మినహాయింపు లేదు. గురువులు, మఠవాసులు ఇటువంటి విషయాలను తిరుసభ అధికారులకు తప్పక తెలియజేయాలని 2019లో జగద్గురువులు ఫ్రాన్సిస్‌గారు శాసించారు.

దేవుడు తన కుమారుని కాపాడడానికి సైన్యాన్ని పంపలేదు. నిద్ర లేచే ఒక వడ్రంగిని నమ్మారు. రాబోయే తుఫాను రాత్రి ఆ నమ్మకాన్ని మనపై ఉంచుతారు. తిరుకుటుంబ కావలియైన జోజప్పగారా, మా బిడ్డలకొరకు, మావద్దకు వచ్చే పరాయి బిడ్డలకొరకు ప్రార్థించండి. ఆమెన్.