దర్శనమా, వేటా?

ఈ వారం వీడియోలో ముండకోపనిషత్తులోని రెండు పక్షుల గురించి మాట్లాడుకున్నాం కదా. ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. తినేది జీవుడు, చూసేది సాక్షి అని పెద్దలు చెబుతారు. టైమ్ సరిపోక వదిలేసిన ఒక ప్రశ్న ఇక్కడ రాస్తున్నా. ఊరికే చూడటం నిజంగా 'ఊరికే' ఉంటుందా? చూస్తే ఎవరికి నష్టం అంటాం. నిజంగానే నష్టం లేదా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు, కంభం చెరువు కట్ట మీద దొరికింది. మాది మార్కాపురం. ఉద్యోగం హైదరాబాద్‌లో, సంక్రాంతికి మాత్రం ఊళ్లోనే. కంభం చెరువంటే గుండ్లకమ్మకి అడ్డంగా, కొండల మధ్య విజయనగర రాజుల కాలంలో కట్ట వేసి నిలబెట్టిన నీళ్లు. 2020లో ఐసీఐడీ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. వానలు బాగా పడిన ఏడాది చలికాలంలో అక్కడ పరజలు గుంపులుగా దిగుతాయి.

అలాంటి ఒక పొద్దున చేపలు పట్టే ఒకాయన పుట్టిలో వల వేసుకుంటూ ఆ గుంపు పక్కనుంచే వెళ్లాడు. పరజలు కొంచెం పక్కకి జరిగాయి, అంతే. తర్వాత ఇద్దరు కుర్రాళ్లు పెద్ద లెన్సులున్న కెమెరాలతో ఒడ్డు బురదలో వాటికేసి నేరుగా నడిచారు. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచిపోయింది. వాళ్లకి కావలసింది కూడా ఆ ఎగిరే షాటే.

విచిత్రం చూడండి. చేపలు పట్టేవాడు అక్కడికి పొట్ట కోసం వచ్చాడు, కుర్రాళ్లు ప్రేమతో వచ్చారు. పక్షులు భయపడింది ప్రేమించినవాళ్లకి. ఎందుకంటే ఆయన రోజూ అదే దారిన పోతాడు, వాటి వైపు చూడడు. తన మీదే కళ్లు పెట్టి, నెమ్మదిగా, నేరుగా దగ్గరికొచ్చేది ఎవరు? పక్షికి తెలిసినంతవరకు వేటాడేవాడే. మన ప్రేమ అటువైపు నుంచి చూస్తే వేటలాగే ఉంటుంది.

'ఎగిరితే ఏమైంది, రెక్కలున్నది ఎందుకు' అంటారు చాలామంది. బాతుల్లో చాలా జాతులు చలికాలంలో రాత్రుళ్లు మేస్తాయి, పగలు నీళ్ల మీద విశ్రాంతి తీసుకుంటాయి. మనకి బోర్ కొట్టేంత కదలకుండా ఉన్న ఆ బాతు నిజానికి నిద్రలో ఉంది. వేసవి మొదలయ్యేలోపు ఒంట్లో కొవ్వు నింపుకోవాలి, తిరుగు ప్రయాణానికి అదే పెట్రోలు. బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతు మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి మన దక్షిణాది చెరువులకి వస్తుంది. 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు ట్యాగులు పెట్టి కొలిచారు కూడా. అలా వచ్చిన అతిథిని రోజుకి నాలుగుసార్లు లేపితే, ఆ లెక్క ఏ ఫోటోలోనూ కనపడదు. మా భాషలో చెప్పాలంటే రీడ్ ఓన్లీ అనుకుని నడిపిన క్వెరీ సర్వర్‌నే కూర్చోబెట్టినట్టు.

రామాయణం పుట్టింది కూడా పక్షిని చూడటంలోనే. తమసా తీరంలో ఆ క్రౌంచ జంటను వాల్మీకీ చూశాడు, బోయవాడూ చూశాడు. నిజానికి బోయవాడే ఎక్కువ శ్రద్ధగా చూసి ఉంటాడు, గురి తప్పకూడదు కదా. కాబట్టి ఏకాగ్రత ఒక్కటే చూపుని పవిత్రం చేయదు. ఆ చూపుకి ఏం కావాలి అన్నదే తేడా. ఉపనిషత్తులో రెండో పక్షికి ఏమీ అక్కర్లేదు. మనకి రీల్ కావాలి.

పక్షుల్ని చూడటం మానేయాలా అంటే, నా మటుకు నేను మానను. మన దగ్గర దీనికో పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడిలో నైవేద్యం వేళ తెర వేస్తే అందరం బయట నిలబడతాం. ఎంత భక్తి ఉన్నా ఎవరూ తెర పక్కకి లాగి లోపలికి తొంగిచూడరు. దర్శనం మనం తీసుకునేది కాదు, ఆయన ఇచ్చేది. అందుకే ఇచ్చేదాకా నిలబడతాం.

దీన్ని పక్షుల దగ్గర చూడాలంటే మా వైపు నుంచి దూరమే, సముద్రం పక్కకి వెళ్లాలి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, పులికాట్. నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు చలికాలంలో గూళ్లు కడతాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలాలకి ఎరువు. ఊరివాళ్లు వాటిని అదృష్టం తెచ్చేవిగా చూసుకుంటారు. మనకక్కడ వాచ్ టవర్ ఉంది, ఎక్కి ఎంతసేపైనా నిలబడొచ్చు. గూటి కిందికి మాత్రం పోకూడదు. తల్లి లేచిపోతే ఆ కాసేపు పిల్లలు ఎండకి, కాకులకి వదిలేసినట్టే. పులికాట్‌లో అయితే శ్రీహరికోట రోడ్డు మీద కారులోంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. కారు దిగకండి, అదే వాటికి మీరిచ్చే తెర.

ఇదంతా విని మా బావ ఒక మాట అన్నాడు: "నువ్వు చూసేశావు కాబట్టి చెప్తున్నావు. కంభంలో అవి ఏ మూల దిగుతాయో వీడియోలో ఎందుకు పెట్టలేదు? మిగతావాళ్లు చూడొద్దా?" న్యాయమైన ప్రశ్నే. నేలపట్టులో టవరుంది, కాపలా ఉంది, అందుకే ఆ పేరు ధైర్యంగా చెప్పాను. కంభంలో ఆ రెండూ నాకు కనపడలేదు. అందుకే ఆ మూల చెప్పను బావా. చెరువు కట్ట అందరిదీ. గుంటూరు నంద్యాల రైలెక్కి కంభంలో దిగండి, ఒక బైనాక్యులర్ తెచ్చుకోండి, కట్ట మీదే కూర్చోండి. వాటికి ఇష్టమైతే అవే ఇటు వస్తాయి.