ఆరు గంటల ముసాఫిర్

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట పక్కనే బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో కొలువుకని యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. వాళ్ల పెద్దలు ఓడలెక్కి సముద్రం దాటి వచ్చారు. ఇప్పుడు గుట్ట నుంచి శంషాబాద్ విమానాశ్రయం ఇరవై కిలోమీటర్ల లోపే. అక్కణ్నుంచి జెద్దా ఆకాశమార్గాన దాదాపు 4,100 కిలోమీటర్లు, నేరుగా వెళ్లే విమానంలో ఇంచుమించు ఆరు గంటలు. ముసాఫిర్‌కు, అంటే ప్రయాణికుడికి, ఇస్లాం కొన్ని సడలింపులిచ్చింది. నాలుగు రకాతుల నమాజు రెండవుతుంది, రోజాను, అంటే ఉపవాసాన్ని, మరో రోజుకు వాయిదా వేసుకోవచ్చు. ఎడారిలో ఒంటె మీద రోజుల తరబడి సాగినవాడికి ఇచ్చిన ఈ వెసులుబాటు చల్లటి విమానంలో కునుకు తీసేవాడికీ వర్తిస్తుందా? తప్పకుండా వర్తిస్తుందనే నేనంటాను.

ఎందుకంటే ఈ సడలింపు కష్టానికి కట్టిన ఖరీదు కాదు. నమాజు కుదించుకోవచ్చన్న ఖురాన్ వాక్యంలో శత్రుభయం ప్రస్తావన ఉంది. భయం తొలగిపోయాక కుదింపు ఎందుకన్న సందేహం ప్రవక్త సహచరుడు ఉమర్‌కే వచ్చింది. అది అల్లాహ్ చేసిన దానం, స్వీకరించండని ప్రవక్త జవాబిచ్చినట్టు సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. భయం పోయింది, దానం మిగిలింది. ఫిఖా (ధర్మశాస్త్ర) పండితులూ ఇదే దారిలో నడిచి, కష్టాన్ని కాక ప్రయాణాన్నే ఆధారం చేసుకున్నారు. అందుకే పల్లకీలో దూరదేశం వెళ్లే నవాబూ ముసాఫిరే. ఊళ్లోనే పొద్దస్తమానం బస్తాలు మోసే హమాలీ కాడు. ఇది అన్యాయంగా తోస్తుంది, నిజమే. కానీ కష్టాన్ని తూచే తక్కెడ ఎవరి చేతికివ్వాలి? ఎవరికి వారే తూచుకోవలసి వస్తే, దైవభీతి ఎక్కువున్నవాడు సొమ్మసిల్లేదాకా తనకు కష్టం లేదనే అంటాడు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ముసాఫిర్ అనిపించుకోవడానికి హనఫీ ధర్మశాస్త్ర శాఖవారు చెప్పింది కనీసం మూడు రోజుల ప్రయాణం. అది కాలం లెక్క కదా, మన ఉలమాలు దాన్ని 48 మైళ్లుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా ఎందుకు మార్చారు? ఆ దూరాన్ని విమానం ఆరు నిమిషాల్లో దాటేస్తుంది. అయితే, త్వరపడి మూడు రోజుల దారిని రెండు రోజుల్లోనే చేరినవాడూ ముసాఫిరేనని పాత హనఫీ గ్రంథాలే చెప్పాయి. పైగా గడియారాన్నే నమ్ముకుంటే, మూడు రోజులు ఏకధాటిగా ఎగిరితే తప్ప చేరలేని చోటు భూమ్మీద లేదు. అప్పుడు విమానమెక్కినవాడెవడూ ముసాఫిర్ కాడు. దూరానికి హద్దు పెట్టనక్కర్లేదు, జనం దేన్ని ప్రయాణమంటారో అదే ప్రయాణమన్నాడు పండితుడు ఇబ్న్ తైమియా. ఆ కొలత తీసుకున్నా, పాస్‌పోర్టు పట్టుకుని జెద్దా వెళ్లేవాణ్ని ప్రయాణికుడు కాదనేవారెవరు?

విమానంలో కష్టమే లేదన్నదీ పూర్తి నిజం కాదు. తెల్లవారాక ఇల్లు కదిలితే ఆనాటి రోజా పూర్తి చేయాలంటారు హనఫీలూ షాఫయీలూ. పడమటికి పోయేకొద్దీ సూర్యుడు వెనక్కి జరుగుతుంటాడు. జెద్దా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక, ఆ రోజా దాదాపు అంతసేపూ పెరుగుతుంది. కింద ఊళ్లలో దీపాలు వెలిగినా రెక్క మీద ఎండ ఇంకా మెరుస్తుంటుంది. కళ్లెదుటి సూర్యుడు కుంగేదాకా ఇఫ్తార్ లేదు. అయినా నా వాదన ఈ కష్టం మీద నిలబడలేదు. నిలబెడితే మళ్లీ ఆ తక్కెడే పట్టుకున్నట్టవుతుంది. ఓపికుంటే ప్రయాణంలోనూ రోజా ఉండండి. కానీ తెల్లవారకముందే ఊరు దాటి విమానమెక్కిన పక్క సీటువాడు మంచినీళ్లు తాగితే, దయచేసి అతణ్ని తప్పుపట్టకండి.