విగ్రహములు లేని మందిరమునందలి విగ్రహములు

రామమోహనరాయలవారును వారి మిత్రులును 1830వ సంవత్సరము జనవరి 8వ తేదీని కలకత్తాలో వ్రాసిన ట్రస్టు దస్తావేజు న్యాయవాదులు పలుమాఱు చదువదగినది. ప్రార్థనామందిరములోనికి ప్రతిమగాని, శిల్పముగాని, చిత్తరువుగాని, ఏ వస్తువుయొక్క పోలికగాని రాగూడదని యందు నిర్బంధించిరి. అయినను దస్తావేజు వ్రాయువారెంత జాగరూకులైనను గుమ్మము దాటివచ్చు వస్తువులనే యాపగలరు. మనస్సులో ప్రవేశించువానిని నిషేధించుటకు ఏ రిజిస్ట్రారును చాలడు.

విగ్రహమనగా ఱాయియే కానక్కఱలేదు. ఏది పోవునను భయముచేత మనము ధర్మమును విడుచుటకు సిద్ధపడుదుమో, దేని యాజ్ఞను పరీక్షింపకయే శిరసావహింతుమో, అది విగ్రహమే. గ్రంథమైనను అట్లు కావచ్చును. ఈ సంశయము కలిగియే దేవేంద్రనాథఠాకూరుగారు 1840ల నడుమ వేదాధ్యయనమునకై నలుగురు విద్యార్థులను కాశికి పంపి, విచారించి, 1850 ప్రాంతమున వేదములు ప్రమాదరహితములను వాదమును విడిచిపెట్టిరి.

మనుష్యుడు విగ్రహమగుట యింతకంటె సులభము. 1868లో ముంగేరునందు కొందఱు భక్తులు కేశవచంద్రసేనులవారి పాదములపై బడి మ్రొక్కసాగిరి. విజయకృష్ణగోస్వామిగారు మొదలగువారు ఇది నరపూజయని యాక్షేపించిరి. కేశవులు తామట్టి పూజను కోరలేదనిరి, నమ్మవచ్చును. కాని పూజింపబడువాని యంతరంగమున గూడ నొక విగ్రహము మొలచును. వారి ప్రయత్నముచేతనే వచ్చిన 1872వ సంవత్సరపు వివాహశాసనము కన్యకు పదునాలుగేండ్లును, వరునికి పదునెనిమిదేండ్లును ఉండవలెననెను. 1878 మార్చిలో వారి కుమార్తెకును కూచ్‌బిహారు మహారాజునకును వివాహమైనపుడు ఇరువురకును ఆ వయస్సు నిండలేదు. అది స్వదేశసంస్థానము గనుక శాసనము వర్తింపదని వాదింపవచ్చును. ఆ వకాలతు పుచ్చుకొన్నచో నేనును అట్లే వాదింతునేమో! కేశవులు మాత్రము చట్టమును గాక, ఈశ్వరాదేశమును చూపిరి. తన హృదయమునందలి కోరికకే దైవవాక్కను పేరు పెట్టుకొనుటకంటె సూక్ష్మమగు విగ్రహారాధనము మఱియొకటి లేదు. దానిని ప్రశ్నించువాడు దేవునే ప్రశ్నించినవాడగునుగదా! ఆ సంవత్సరము మే 15వ తేదీని విడివడి సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించినవారు ఏకవ్యక్తి యధికారమునకు మాఱుగా సభ్యుల యోటును నియమావళిని నిలుపుట అందుచేతనే.

మన దేశమున నింతకంటె బలవత్తరమగు దైవమొకటి కలదు. దాని పేరు 'నలుగురు.' 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులవారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు, దానిని మేలని లోలోపల నొప్పుకొన్న విద్యావంతులు సైతము వెలికి వెఱచి వెనుదీసిరి. నలుగురేమందురో! ఈ నలుగురి చిరునామా యెవ్వరును ఎఱుగరు. సమనులు అందజేయుటకు వీలులేదు. అయినను వీరి తీర్పుమీద అప్పీలు లేదు. నేడు హైదరాబాదు ట్యాంకుబండుమీద పంతులవారి విగ్రహమున్నది. దానివలన భయము లేదు. దానికి దండవేసి వచ్చి, మనవారిలో పరువు నిలువవలెనని కుమారుని కట్నమునకు బేరమాడు పెద్దమనుష్యుడు కొలుచునది ఆ విగ్రహమును గాదు.

పూర్వము ఆ నలుగురు వీధియరుగుమీద గూర్చుండిరి. ఇప్పుడు చేతిలోని ఫోనులో నున్నారు. తన మాటను ఎందఱు మెచ్చిరో యని గడియకొకమాఱు తెఱచిచూచుకొనువాడు, దినమున పదినిమిషములు ప్రార్థనకు తీరికలేదని నాతో ననును. ఆతడు అబద్ధమాడుటలేదు. ఆ కాలము ముందే మఱియొకరి సేవకు చెల్లిపోయినది.