మితవ్యయము – అందలి ధర్మాధర్మములు

పొదుపు మంచిదని చెప్పుటకు ప్రత్యేకముగా నొక వ్యాసము వ్రాయనక్కరలేదు. దానిని కాదనువారు లోకమున నరుదు. తండ్రి కొడుకునకును, అత్త కోడలికిని, ప్రభుత్వము ప్రజలకును చెప్పు నీతులలో నిది మొదటిది. అయితే అందఱు నంగీకరించిన మాటను పరీక్షింపకయే విడిచిపెట్టుట మనకు వాడుక. అట్లు విడిచిపెట్టిన మాటల చాటుననే అన్యాయము తఱచుగా దాగియుండును. కావున పొదుపు చేయవలెనా యను ప్రశ్నను ప్రక్కకు త్రోసి, అంతకంటె ముఖ్యమైన వేఱొక ప్రశ్నను చదువరుల యెదుట నుంచుచున్నాను. ఒక యింటిలో నెల కడపట వేయి రూపాయలు మిగిలినవన్నచో, అవి యెవరి భాగమునుండి మిగిలినవి? వ్యయమును తగ్గింపవలెనని నిర్ణయించినవారును, ఆ తగ్గింపును అనుభవించినవారును ఒక్కరేనా?

ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టియే పొదుపు ధర్మమగునో అధర్మమగునో నిర్ణయింపవలెనని నా యభిప్రాయము.

సామాన్యముగా జనులు మితవ్యయమునకును లోభమునకును గల భేదమును పరిమాణములో వెదకుదురు. కొంచెము దాచిన మితవ్యయమనియు, మిక్కిలి దాచిన లోభమనియు తలంతురు. ఇది సరికాదు. కోటి దాచినవాడు లోభి కాకపోవచ్చును. పది రూపాయలు దాచినవాడు లోభి కావచ్చును. మితవ్యయము వ్యర్థమగుదానిని తగ్గించును. లోభము ఒకరికి న్యాయముగా చెందవలసినదానిని తగ్గించును. మొదటిదానిచేత నెవరికిని నష్టము లేదు. రెండవదానిచేత ధనము నిజముగా మిగులుటయే లేదు. ఒకరి మూటనుండి మఱొకరి మూటకు మాఱుచున్నది, అంతియే.

ఉదాహరణములకై దూరము పోనక్కరలేదు. వీధిలోనికి తోపుడుబండిమీద కూరగాయలు తెచ్చిన స్త్రీతో కిలోకు ఐదు రూపాయలు తగ్గింపుమని పావుగంట వాదించి, అదియు చాలక కొసరుగా కరివేపాకును కొత్తిమీరను పుచ్చుకొని, నేర్పుగా సంసారము చేయుచున్నానని సంతోషించు గృహస్థుడే, సాయంకాలము చల్లని పెద్ద యంగడిలోనికి పోయి, పెట్టెమీద నచ్చొత్తిన వెలను నోరెత్తక చెల్లించి వచ్చును. బేరమాడుట తప్పని నేననను. అమ్మువారును కొనువారును సమానబలముగలవారైనపుడు బేరము న్యాయమే. కాని ఎదురాడలేనివారి యొద్దనే మన బేరమంతయు సాగుచున్నది. దీనికి పొదుపను పేరు తగదు.

అంట్లుతోమి, బట్టలుతుకు పనిమనిషి జ్వరముచే నాలుగు దినములు రాకున్నచో, ఆ నాలుగు దినముల సొమ్మును లెక్కకట్టి కోయుటయు నిట్టిదే. కార్యాలయములో జీతముతోడి సెలవు తన హక్కని వాదించు నుద్యోగి, యింటికి వచ్చి యీ కోతకు తలయూపుట విచిత్రము. తనకు న్యాయమైనది తన పనిమనిషికి దుబారా యెట్లగును?

ఇంతకంటె గుప్తమైనది మఱియొకటి కలదు. ధరలు పెరిగినపుడు మన యిండ్లలో మొట్టమొదట తగ్గునది గృహిణి కంచము. అందఱకును వడ్డించిన పిదప మిగిలినదానితో సరిపెట్టుకొనుట మన స్త్రీలలో ననేకులకు నేటికిని అలవాటు. పాలు చాలనిదినమున తన పాలు మానుకొనును. గ్రుడ్లు తక్కువైనచో తనది బిడ్డకు పెట్టును. తన నడుమునొప్పికి వైద్యుని వచ్చునెల చూతమనును. దీనిని త్యాగమని మనము కొనియాడుచున్నాము. కొనియాడుటకంటె సమానముగా వడ్డించుట మేలు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్లవఱకు వయస్సుగల స్త్రీలలో నూటికి 57గురు రక్తహీనులని తేలినది. ఈ వ్యాధికి కారణములు పెక్కులు. వంటింటి పొదుపొక్కటియే కారణమని చెప్పుట అతిశయోక్తి. అయినను సగమునకు మించిన స్త్రీలు రక్తము చాలక యుండగా, మన గృహవ్యయములలో తగ్గింపదగినది వారి యాహారము కాదని తెలిసికొనుటకు వైద్యశాస్త్రము చదువ నక్కరలేదు.

అట్లయిన దేనిని తగ్గింపవలెను? ఎవరి నోటినుండియు తీయక, ఎవరి కూలిని కోయక, మిగుల్చుకొనదగినవి మన యిండ్లలో చాల కలవు.

వంటింటినే చూడుడు. పప్పును శనగలను ముందుగా నానబెట్టుట, గిన్నెపై మూతయుంచుట, ప్రెషరు కుక్కరును వాడుట, నీరు మరుగ నారంభింపగనే మంటను తగ్గించుట – వీనిచేత గ్యాసు మిగులును, రుచి తగ్గదు. కడపట చెప్పినదానికి కారణము తెలిసినవారు తక్కువ. మామూలు గిన్నెలో నీరు సుమారు 100 డిగ్రీల వేడిమియొద్ద మరుగును. మరుగుట మొదలైన పిమ్మట మంట నెంత పెంచినను ఆ నీటి వేడిమి పెరగదు. అధికమైన మంట నీటిని ఆవిరిచేయుటకే పోవునుగాని, అన్నమును త్వరగా నుడికింపదు. అనగా పెద్దమంట మన తొందరకు తృప్తినిచ్చునే గాని కుండలోని మెతుకునకు దానితో బనిలేదు.

విద్యుత్తు సంగతియు నట్టిదే. పాతకాలపు 60 వాట్ల బల్బు దినమునకు 6 గంటల చొప్పున 30 దినములు వెలిగినచో 10.8 యూనిట్లు ఖర్చగును. ఇంచుమించుగా అంతే వెలుతురునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు 1.62 యూనిట్లు చాలును. 75 వాట్ల పాత ఫ్యాను దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల క్రొత్తరకపు ఫ్యానునకు 10.8 యూనిట్లు. వాడకము పెరిగినకొలది యూనిట్టు వెలయు పెరుగునట్లు ఆంధ్రప్రదేశములోను తెలంగాణములోను గృహములకు మెట్లుమెట్లుగా ధరలు నిర్ణయించియున్నారు. కావున తగ్గిన ప్రతి యూనిట్టును అన్నిటికంటె హెచ్చు వెలగల పైమెట్టునుండియే తగ్గును. ఇట్లే, వైద్యుని యడిగి తెలిసికొని, అదే మందును 2008లో నారంభమైన జనౌషధి దుకాణములలో కొనినయెడల, దీర్ఘరోగులున్న యిండ్లలో నెలనెలయు గొప్ప భారము తగ్గును. రోగికి మందు తగ్గలేదు. మందు పెట్టెమీది పేరునకు చెల్లించు వెల మాత్రమే తగ్గినది. మితవ్యయమనగా నిదియే.

అయితే ఇక్కడ నొక హెచ్చరిక యవసరము. చిన్న పొదుపులు మంచివే గాని, అవి పెద్ద దుర్వ్యయములను కప్పిపుచ్చు తెరలు కాగూడదు. దీపము లార్పి తిరుగు గృహస్థుడే ఊరివారి మెప్పుకొఱకు కూతురి పెండ్లిలో నాలుగువందలమందికి బదులు రెండువేలమందిని పిలుచును. ఎవరును తినలేనన్ని వంటకములను విస్తళ్లలో పాఱవేయించును. ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని పెద్దలు చెప్పిన మాటను హెచ్చరికగా గాక సవాలుగా తీసికొన్నాము.

ఆ సవాలునకు వెల యెంతయో చూడుడు. ఇరువది యేండ్లుగా న్యాయస్థానములలో ప్రామిసరీనోటు దావాలు చూచుచున్న నాకు, వానిలో మూలధనము పుట్టిన చోటు వెదకినచో, పంటనష్టమును రోగమును విడిచినయెడల, పెండ్లిపందిరియే తఱచుగా కనబడుచున్నది. నోటుమీద దావా వేయుటకు చట్టము మూడేండ్ల గడు విచ్చినది. గడువు తీఱకమునుపే ఋణదాత వచ్చి, వడ్డీని అసలులో కలిపి క్రొత్తనోటు వ్రాయించుకొనును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షరూపాయలు మూడేండ్లకు 1,72,000 రూపాయలగును. తిరుగవ్రాసిన నోటుమీద మఱి మూడేండ్లకు 2,95,840 రూపాయలగును. నెలకు రెండువందల చొప్పున గ్యాసును విద్యుత్తును మిగిల్చినను ఆ యాఱేండ్లలో కూడునది 14,400 రూపాయలు మాత్రమే. ఒక్క మధ్యాహ్నపు డాంబికము ఆఱేండ్ల జాగ్రత్తను పలుమాఱులు మ్రింగివేయుచున్నది. అప్పుచేసి పప్పుకూడు తినువాని కెన్ని యుపాయములు చెప్పినను ప్రయోజన మేమి? ఋణమున్న యింటికి మొదటి పొదుపు ఋణము తీర్చుటయే.

ఇక కట్నము. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములని 1961లోనే చట్టము చేసియున్నారు. అయినను కూతురు పుట్టిన దినమునుండి తండ్రి చేయు పొదుపులో గొప్పభాగ మీ నేరము చేయుటకే పోవుచున్నది. ఆ సొమ్ముతో నామె చదువును సాగించి, మిగిలినదాని నామె పేరనే నిలువచేసినచో, అది యామెకు బలమగును. వరుని చేతికిచ్చినచో నామెకు వెలయగును. రెండును పొదుపులే, కాని ఒకటి మనుష్యత్వమును పెంచును, రెండవది దానిని తగ్గించును.

ఇక్కడ నొక యాక్షేపణము రాగలదు. కడుపునిండినవారు ఆకలిగొన్నవారికి పొదుపు బోధించుట అవమానకరము కాదా యని కొందఱడుగుదురు. ఈ యాక్షేపణములో సత్యమున్నది. కూలియే చాలని యింటికి కావలసినది హితోపదేశము కాదు, న్యాయమైన కూలి. తక్కువ కూలి యిచ్చి, చాలలేదన్నవానికి పొదుపు నేర్పబోవు యజమానుడు తన ఋణమును ఎదుటివాని దోషముగా చూపుచున్నాడు. అయితే పేదలకు పొదుపుతో పనియే లేదనుటయు వారిని తక్కువ చేయుటయే యగును. దీనికి నెల్లూరు జిల్లా స్త్రీలే ప్రత్యుత్తరమిచ్చిరి.

1990 తరువాత ఆ జిల్లాలో సాగిన యక్షరాస్యతోద్యమమున రాత్రిబడులలో చేరిన కూలిస్త్రీలు, చదువుతోపాటు తమ యిండ్ల లెక్కలనుగూడ చూచుకొనిరి. కూలి యేమగుచున్నదో వారికి మొదటినుండియు తెలియును. దానిని నలుగురిలో పలుకుట మాత్రము అప్పుడు నేర్చిరి. దూబగుంట గ్రామమున రోశమ్మ మొదలగువారు సారాయంగడిని మూయించిరి. 1992లో ఆ యుద్యమము జిల్లా యంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. సారాకు పోక నిలిచిన సొమ్ములో దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టుటకు పొదుపులక్ష్మి సంఘము లేర్పడినవి. తరువాత 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినమాట నిజమే. కాని సంఘములుగా చేరి పొదుపు చేయు నభ్యాసము పోలేదు; అది రెండు తెలుగు రాష్ట్రములలోను నేటికిని పల్లెపల్లెను నిలిచియున్నది.

ఈ చరిత్రమునుండి నేర్వవలసినది దినమునకొక రూపాయి యను మొత్తమును గాదు. వారు పిల్లల యన్నమును తగ్గించి ఆ రూపాయిని దాచలేదు. ఇంటిని పాడుచేయుచున్న వ్యయమును ఎదుర్కొని దాచిరి. తమ పేరనే దాచిరి. నలుగురికిని తెలియునట్లు లెక్కవ్రాసి దాచిరి. మొదట నేను చెప్పిన పరీక్షకు వారి పొదుపు నిలిచినది.

ఆ లెక్కను గూర్చియే కడపట నొకమాట. మన మధ్యతరగతి యిండ్లలో ఆదాయమును ఋణమును పురుషుని మనస్సులోను, పప్పు ఉప్పుల చింత స్త్రీ మనస్సులోను వేఱువేఱుగా నుండుచున్నవి. ఎంత వచ్చునో తెలియనివారిని ఇంతలో సరిపెట్టుమని యాజ్ఞాపించుట న్యాయమా? భర్త మరణించిన పదునాల్గవదినమున ఋణదాతలు నోట్లతో వాకిట నిలుచువఱకు అప్పున్నదని యెఱుగని స్త్రీలను నేనెందఱనో చూచితిని. చనిపోయినవాని యప్పునకు వారసులు తమకు సంక్రమించిన యాస్తి మేరకే బాధ్యులను సంగతియు వారికి తెలియదు. భయముచే తమ పుస్తెలతాడు నమ్మి చెల్లింతురు. ఇంటిలెక్క ఇంటివారందఱి యెదుట నుండుట పొదుపునకు మొదటి సాధనము. అది దాంపత్యధర్మమునకును మొదటి మెట్టే.

కావున చదువరులను నేను ప్రార్థించునది యిది. ఈ నెల కడపట లెక్కపుస్తకము తెఱచి, మిగిలిన సొమ్మును మూడు వరుసలుగా విభజింపుడు. వ్యర్థమును మానుటచే మిగిలిన దెంత? డాంబికమును మానుటచే మిగిలిన దెంత? ఇతరుల భాగమును తగ్గించుటచే మిగిలిన దెంత? మొదటి వరుసను కొనసాగింపుడు. రెండవ వరుసను పెంపుడు. మూడవ వరుసలో నొక్కరూపాయి కనబడినను, అది మీది కాదు. పనిమనిషిదైన నామెకును, కూరగాయలమ్మినవారిదైన వారికిని, ఇల్లాలిదైన నామె కంచములోనికిని తిరిగి చేర్పుడు. అట్లు చేర్చిన పిదప మిగిలినది కొంచెమే కావచ్చును. ఆ కొంచెమే మీరు నిజముగా నార్జించిన పొదుపు.