గుట్టు ఎవరిది?

గుట్టుగా కాపురం చేసుకోమని చెప్పని పెద్దవాళ్లుండరు. ఇంటి గుట్టు లంకకి చేటని సామెత కూడా ఉంది. ఇంట్లో ఏం జరిగినా గడప దాటనివ్వకపోవడం ఆడదాని బాధ్యత. అయితే ఆ గుట్టు ఇంటిది. ఆమెకంటూ ఒక గుట్టు ఉండొచ్చని, దాన్ని ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకుండా ఉండే హక్కు ఆమెకుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. 'నా దగ్గర దాచేదేముంది?' అనే ప్రశ్నలో ప్రేమ ఎంత ఉందో పెత్తనమూ అంతే ఉంది.

ఈ తేడా కుకీల విషయంలో నాకు మరింత స్పష్టంగా కనిపించింది. మా సత్తెనపల్లిలో నేనెరిగిన ఒకామె ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోను. పగలు ఆమె దగ్గర, రాత్రి భర్త దగ్గర. ఒక మధ్యాహ్నం ఆమె గుంటూరులో లేడీస్ హాస్టళ్ల గురించి వెతికింది. వెళ్లిపోవాలని నిశ్చయించుకుని కాదు, వెళ్లగలనా అని లెక్క వేసుకోవడానికి. చూశాక హిస్టరీ తుడిచేసింది. ఆ రాత్రి అతను క్రికెట్ స్కోరు చూస్తుంటే పక్కనే హాస్టళ్ల ప్రకటనలు వచ్చాయి. ఆ తర్వాత ఫోను ఆమె చేతికి రాలేదు.

కుకీ అంటే మనం చూసిన సైటు మన ఫోనులోనే రాసిపెట్టే చిన్న గుర్తు. 1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మోంటుల్లి దీన్ని తయారుచేసినప్పుడు ఉద్దేశం సామాన్యమైనదే: ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ వస్తే గుర్తుపట్టడం. తర్వాత ప్రకటనల కంపెనీలు వేర్వేరు సైట్లలో తమ కుకీలు పెట్టి, ఒకచోట చూసినదాన్ని ఇంకోచోట మన ముందుకు తేవడం మొదలుపెట్టాయి. హిస్టరీ ఒక్కటే తుడిస్తే అవి పోవు. పైగా కుకీకి తెలిసేది ఫోనే, అది ఎవరి చేతిలో ఉందో కాదు. ఫోను ఒక మనిషిదే అనుకుని చేసిన ఏర్పాటు ఇది. ఇంటిల్లిపాదీ ఒకే ఫోను వాడేచోట అది చాడీలు చెప్పే మనిషవుతుంది.

ఆమె 'అంగీకరిస్తున్నాను' అని నొక్కింది కదా అనొచ్చు. ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేరాలు దాటితేగాని వెతికిన పేజీ తెరుచుకోనప్పుడు నొక్కడం అంగీకారమా? మౌనం అర్ధాంగీకారం అనే న్యాయం పెళ్లిచూపుల నుంచి పడకగది దాకా మనకి అలవాటైనదే. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019లో చెప్పింది. స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదే సమ్మతి అని మన డేటా రక్షణ చట్టమూ 2023లో అన్నది. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ నోటీసు చదువుకునే వీలుండాలంది. మంచిదే. కానీ సొంత అవసరాలకీ, ఇంటి అవసరాలకీ సమాచారం వాడే వ్యక్తులకి ఆ చట్టం వర్తించదు. అంటే కంపెనీని అడగొచ్చు గానీ, ఫోను లాక్కున్న భర్తను అది అడగదు. చట్టం కూడా గడప దగ్గరే ఆగిపోయింది.

గడప దాటి లోపలికి చూసిన తీర్పు ఒకటి మన దగ్గరే వచ్చింది. విడిగా ఉంటున్న భార్యను గాని భర్తను గాని కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి సినీనటి టి. సరిత కేసులో అన్నారు. తన శరీరం గురించిన నిర్ణయం, గోప్యత ఆ స్త్రీవేనన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఆ సెక్షను ఇంకా ఉంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. ఆ హక్కు వ్యక్తిది, కుటుంబానిది కాదు అన్న సంగతి మన ఇళ్లలోకి ఇంకా రాలేదు.

ఇందులో రాసేవాళ్లుగా మనకీ పాత్ర ఉంది. రచనల్ని సొంత సైట్లలో పెట్టుకుంటున్నాం. ఎందరు చదివారు, ఏ ఊరి నుంచి, ఎంతసేపు అని తెలుసుకోవాలనిపించడం సహజం. ఆ లెక్కలు చెప్పే పరికరాలు మనకి ఉచితంగానే దొరుకుతాయి. వెల మాత్రం చదివే ఆమె చెల్లిస్తుంది. విడాకుల గురించి, గర్భస్రావం గురించి, హింస గురించి మనం రాసినవి ఎవరికంటా పడకుండా చదవాల్సినవాళ్లే ఎక్కువ. చదువరుల సంఖ్య తెలియకపోతే మనకి పోయేది కాస్త సంతృప్తి. ఆమెకి పోయేది, ఏ నిర్ణయమూ తీసుకోకముందే ఆలోచించుకోవడానికి దొరికే ఒక్క మధ్యాహ్నం.