రంగు వేయకముందు గోడ



ఆగమన కాలము వచ్చునప్పటికి పాలకీడు చుట్టుపట్ల పల్లెలలో ఇండ్లకును దేవాలయములకును వెల్ల వేయు పని మొదలగును. మన పెద్దలు సున్నపు రాళ్లను నీళ్లలో తడిపి, రాత్రియంతయు ఉంచి, గుడ్డతో వడగట్టి, జిగురు కలిపి గోడలకు పూసెడివారు. ఆ రాయి మన నేలది. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతములలో దానిని త్రవ్వియే సిమెంటు చేయుచున్నారు. ఇప్పుడు మనలో అనేకులు సున్నము మాని డబ్బా రంగులు కొనుచున్నారు. పత్తి తీసిన కూలి డబ్బులు వాటికి ఖర్చగుచున్నవి గనుక గోడను సిద్ధపరచు విధము తెలిసికొనుట మంచిది.

పాత సున్నము పొడిగా రాలుచుండగా దానిమీద రంగు వేసినయెడల, ఆ రంగు గోడను గాక పొడిని పట్టుకొనును. పొడి రాలినప్పుడు రంగును పొరలు పొరలుగా ఊడును. కావున పని తెలిసినవాడు మొదట సామాను బయట పెట్టించి, వదులైన పొరలను ఇనుప రేకుతో గీకివేయును. బీటను పైపైన కప్పక, కొంచెము వెడల్పు చేసి, లోని మట్టి దులిపి, లప్పము నింపును. అది ఆరిన తరువాత గరుకు కాగితముతో రుద్ది, ధూళి తుడిచి, ప్రైమరు పూసి, అటుపిమ్మట రంగు డబ్బా తెరచును.

చెమ్మ యున్న గోడకు ఇదియు చాలదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడువబడెను. ఆ నీరు ఈ ప్రాంతపు పొలములకు ఆశీర్వాదమాయెను. అయితే నీరు పునాదిలో నిలిచినయెడల గోడలోనికి ఎక్కి, ఆరునప్పుడు తెల్లని ఉప్పును విడిచి, రంగును లోపలినుండి త్రోసివేయును. పొంగిన రంగు ఇంటిలో కనబడును గాని, దోషము వెలుపల చూరునీళ్లు పడుచోటనో మోరీ దగ్గరనో ఉండును. దానిని బాగుచేయక ఎన్ని పూతలు పూసినను వ్యర్థమే.

లేవీయకాండము 14వ అధ్యాయములో దేవుడు ఇంటి గోడను గూర్చి కూడ ఆజ్ఞ ఇచ్చెను. గోడలో పచ్చని లేక ఎఱ్ఱని చారలు లోతుగా కనబడినయెడల యాజకుడు ఇల్లు ఖాళీ చేయించి, ఏడు దినములు మూసియుంచవలెను. పొడ వ్యాపించినయెడల చెడిన రాళ్లు ఊడదీయించి, లోపలి గోడలన్నిటిని గీకించి, వేరు రాళ్లు పెట్టించి, క్రొత్త అడుసు పూయించవలెను. పైపూత వేసి దాచుమని ఆయన చెప్పలేదు. యెహెజ్కేలు 13వ అధ్యాయములో బలము లేని గోడకు పూత పూసిన ప్రవక్తలను ఆయన గద్దించెను. యూదులు పస్కాకు ముందు అదారు నెలలో సమాధులకు వెల్ల వేయుచుండిరి. మత్తయి 23లో మన ప్రభువు వేషధారులను అట్టి సమాధులతో పోల్చెను.

ప్రియులారా, మన సంఘములను చూచుకొందము. పొలము గట్టు విషయమై పోట్లాడిన అన్నదమ్ములు, సంఘపెద్దల ఎన్నికనాటినుండి మాటలు లేని కుటుంబములు మన మధ్య లేరా? ఇరుపక్షములవారు మందిరపు రంగుకు చందా ఇచ్చి, చెరియొక ప్రక్కను కూర్చుండి, ఒకే బల్లయొద్దకు వచ్చుచున్నారు. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు కానుకను బలిపీఠము నెదుట విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని చెప్పెను గదా!

క్రిస్మసు ముందటి రాత్రి కాపరిగారి యెదుట చేతులు కలిపినంతమాత్రమున ఆ చెమ్మ పోదు. జక్కయ్య అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనెను. జరిపిన గట్టు వెనుకకు జరుపవలెను, అప్పు తీర్చవలెను, ఆడిన చాడీని, అది విన్నవారియొద్దనే సరిచేయవలెను. ఇది గీకుడు పని. గీకిన గోడ కొన్నాళ్లు మునుపటికంటె వికారముగా కనబడును. తప్పు ఒప్పుకొన్న సహోదరుడును సంఘమునకు అట్లే కనబడవచ్చును. అతనిని చూచి నవ్వకుందము.

క్రొత్త సిమెంటు గిలాబాకు మొదట కొన్నాళ్లు నీళ్లు పట్టి, మొత్తము సుమారు 28 దినములు గడిచి అది బాగుగా ఆరిన తరువాతనే రంగు వేయవలెనని పనివారు చెప్పుదురు. ఆగమన కాలములో మనకు నాలుగు ఆదివారములు ఉన్నవి. మొదటి ఆదివారము సాయంకాలమే, మనము ఎవరితో మాటలాడుట మానితిమో వారి వాకిటికి వెళ్లుదము. వారు తలుపు తీయనియెడల రెండవ వారము మరల వెళ్లుదము. ప్రభువు జన్మదినమున పూర్తి గోడలకు రంగు వేయలేకపోయినను, సమాధానపడినవారమై ఆయన బల్లయొద్ద కూడుకొందుము గాక. ఆమేన్.